ఓటికుండ

ఓటికుండలో ఎన్ని నీళ్లు పోసినా నిలువవు. ఈ సంగతి తెలియనివారు ఉండరు. కుండ కింద నేల తడిసినప్పుడే అది ఓటిదని ఇంటివారికి తెలిసిపోతుంది. పోయేది నీరు కాక కంటికి కనిపించని వాయువైతే నేల తడవదు, చప్పుడు కాదు. ఏదో పోయిందని తెలిసేసరికి సగానికి పైగా పోయి ఉంటుంది. అది ఎక్కడినుంచి పోయిందో కనిపెట్టడం అంతకన్నా కష్టం. ఇళ్లలో వాడే ఏసీ యంత్రంలో వాయువు లీకు కావడం ఇటువంటిదే. చూడడానికి ఇది చిన్న మరమ్మతు. కాని దాని వెనుక ఒక శాస్త్రం, ఒక వృత్తి నీతి, ఒక ప్రపంచ సమస్య ఉన్నాయి.

హైదరాబాదు నగరానికి చల్లదనం కోసం వెదకడం కొత్త కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం అందుకు సాక్షి. దాని మందమైన రాతిగోడలు, ఎత్తైన కప్పులు, విశాలమైన నడవలు మిట్టమధ్యాహ్నపు వేడిని చాలాసేపు బయటనే నిలిపి ఉంచుతాయి. ఆ కాలపు ఇళ్లలో కిటికీలకు వట్టివేరు చాపలు కట్టి నీళ్లు చల్లేవారు. గాలి వాటిగుండా వచ్చి చల్లబడి, పరిమళాన్ని కూడా తెచ్చేది.

ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాక ఆనాడు ఊరికి దూరపు ప్రాంతం. 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ఇక్కడి తోటకు తీగ కంచె వేసి చౌకీ పెట్టినందువల్ల ఈ పేరు వచ్చిందని చెబుతారు. నేడు తోట లేదు, తీగ లేదు. ఇల్లుకు ఇల్లు ఆనుకొని అపార్టుమెంట్లు లేచాయి. పలుచని గోడలు, తక్కువ ఎత్తు కప్పులు గల ఆ గదులలో వేసవి మధ్యాహ్నం గడపడం వృద్ధులకు ప్రాణాంతకం కావచ్చు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండువేలమందికి పైగా మరణించారు. అందువల్ల ఏసీని ఒకప్పటివలె విలాస వస్తువని తీసివేయడానికి వీలులేదు.

తార్నాకలోని అటువంటి ఒక అపార్టుమెంటులో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలు తమ తల్లితో నివసిస్తున్నారు. తల్లికి ఎనభై ఆరేళ్లు. ఎండ ముదిరితే ఆమెకు ఊపిరి ఆడదు. ఆమె గదిలో ఒకటిన్నర టన్నుల ఏసీ ఉన్నది. కొన్న తరువాత రెండేళ్లు అది చక్కగా పనిచేసింది. మూడో వేసవిలో గాలి వీస్తున్నా చల్లదనం తగ్గింది. రాగి గొట్టం మీద తెల్లగా మంచు పేరుకున్నది. వచ్చిన మెకానిక్ పరీక్షించి, "గ్యాస్ అయిపోయింది" అని నింపి, డబ్బు తీసుకొని వెళ్లాడు. మరుసటి ఏడు మార్చిలో మళ్లీ అదే జరిగింది. వేరొక మెకానిక్ వచ్చాడు. అతడూ అదే మాట అన్నాడు, అదే పని చేశాడు. ఆ పై ఏడు మే నెలలో, ఎండలు మండిపోతున్న రోజులలో, ఏసీ మూడోసారి చల్లదనం ఇవ్వడం మానేసింది.

'గ్యాస్ అయిపోయింది' అన్న మాటలోనే పొరపాటు ఉన్నది. పొయ్యిలో వంటగ్యాస్ మండి ఖర్చవుతుంది. బండిలో పెట్రోలు కూడా అంతే. ఏసీలోని వాయువు మండదు, ఖర్చు కాదు. అది లోపలి కాయిల్‌లో ద్రవరూపం నుండి ఆవిరిగా మారుతూ గదిలోని వేడిని గ్రహిస్తుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి బయటి కాయిల్‌లోకి పంపుతుంది. అక్కడ అది వేడిని విడిచి తిరిగి ద్రవమవుతుంది. అదే కిలో వాయువు మూసిన గొట్టాలలో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కన్నం పడిందని అర్థం. కన్నం వెదకకుండా వాయువు నింపడం ఓటికుండలో నీళ్లు పోయడమే.

మూడోసారి వచ్చిన మెకానిక్ ముప్పై ఏళ్ల యువకుడు. ఐ.టి.ఐ.లో ఈ విద్యే చదివి, పదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. జరిగినదంతా విని అతడు ఇలా అన్నాడు. "మేడమ్, నేను ఇప్పుడు గ్యాస్ నింపితే గంటలో పని అయిపోతుంది. వచ్చే ఏడు మళ్లీ పిలుస్తారు. లీకు ఎక్కడుందో వెదకాలంటే రెండు రోజులు పట్టవచ్చు. మీరు సరే అంటేనే మొదలుపెడతాను."

మంచం మీద కూర్చున్న వృద్ధురాలు, "రెండు రోజులు ఓర్చుకుంటాను నాయనా! చేసేదేదో ఒకసారే చెయ్యి" అన్నారు. అధ్యాపకురాలు తల్లిని ఆ రెండు రోజులూ ప్రాంగణంలోని బంధువుల క్వార్టర్సుకు పంపి, పని మొదలుపెట్టమన్నారు.

వెదకడానికి ఒక క్రమం ఉన్నది. మొదట కళ్లతో చూడాలి. వాయువుతోపాటు కంప్రెసర్ నూనె కొంత గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. కన్నం నుండి వాయువు పోయినప్పుడు కాస్త నూనె కూడా బయటకు వచ్చి, దుమ్ము పట్టి జిడ్డు మరకగా మిగులుతుంది. యువకుడు బ్యాటరీ దీపం వేసి గొట్టాల అతుకులన్నీ చూశాడు. ఎక్కడా జిడ్డు లేదు. తరువాత సబ్బు నురుగు రాశాడు. గొట్టాలను యంత్రానికి బిగించే ఇత్తడి నట్ల దగ్గర లీకులు ఎక్కువగా ఉంటాయి. అక్కడ ఒక్క బుడగ కూడా లేవలేదు.

ఆ తరువాత ఎలక్ట్రానిక్ పరికరం తీశాడు. దాని ముక్కు దగ్గరకు వాయువు వస్తే అది కీచుమంటుంది. ఈ వాయువులు గాలికన్నా బరువైనవి కనుక లీకైనది కిందికి జారుతుంది. అందుకని ఫ్యాన్ ఆపించి, కిటికీలు మూయించి, యంత్రం అడుగుభాగం నుండి వెదకడం మొదలుపెట్టాడు. లోపలి యూనిట్ అడుగున పరికరం ఒకసారి కీచుమన్నది. రెండోసారి అదే చోట పెడితే పలకలేదు. ఇటువంటి పరికరాలు ఒక్కొక్కసారి అత్తరు వాసనకో, నేల తుడిచే ద్రవానికో కూడా స్పందిస్తాయి. ఒక్క కూతను నమ్మి కాయిల్ మార్చమని చెప్పడం అతనికి సమ్మతం కాలేదు.

ఈ కష్టానికి కారణం లీకు పరిమాణంలో ఉన్నది. ఏడాదికి ఒక కిలో వాయువు పోతున్నదంటే రోజుకు మూడు గ్రాములకన్నా తక్కువ. గంటకు లెక్కిస్తే గ్రాములో పదో వంతు. అంత సన్నని ధారను గదిలోని గాలిలో పట్టుకోవడం తేలిక కాదు. కనుక అతడు పద్ధతి మార్చాడు. మొత్తం యంత్రాన్ని ఒకేసారి అనుమానించే బదులు దానిని భాగాలుగా విడదీసి, ఏ భాగం నిర్దోషో ముందు తేల్చాలనుకున్నాడు.

గొట్టాలలో మిగిలిన కాస్త వాయువును గాలిలోకి వదిలివేయక, ఒక చిన్న యంత్రంతో సిలిండరులోకి తీసుకున్నాడు. లోపలి యూనిట్‌ను విప్పి వరండాలో, బయటి యూనిట్ పక్కనే నీడలో పెట్టాడు. లోపలి కాయిల్ కొసలు రెండూ మూసి దానికొక మీటరు బిగించాడు. బయటి యూనిట్‌నూ, దాని గొట్టాలనూ కలిపి మరొక భాగం చేసి దానికొక మీటరు పెట్టాడు. రెండింటిలోనూ చదరపు అంగుళానికి 300 పౌండ్ల పీడనం వచ్చేవరకు నైట్రోజన్ నింపాడు. ఈ పరీక్షకు పొడి నైట్రోజన్ మాత్రమే వాడాలి. ఆక్సిజన్ ఎంతమాత్రం వాడరాదు. పీడనంలో ఉన్న ఆక్సిజన్ కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుడు సంభవిస్తుంది. ఈ జాగ్రత్త తెలియక ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఈ వృత్తిలో ఉన్నారు.

అప్పటికి సాయంత్రమైంది. వరండాలోని ఉష్ణమాపకం 38 డిగ్రీలు చూపుతున్నది. అతడు ఉష్ణోగ్రతనూ, రెండు మీటర్ల లెక్కనూ కాగితం మీద రాసుకొని వెళ్లాడు.

మరునాడు ఉదయం ఆరు గంటలకు వచ్చి చూస్తే ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. రెండు ముళ్లూ దిగి ఉన్నాయి. బయటి భాగం మీటరు 289 చూపుతున్నది. లోపలి కాయిల్ మీటరు 270 చూపుతున్నది. రెండూ తగ్గాయి కదా, రెండింటిలోనూ లీకు ఉన్నదా అని అధ్యాపకురాలికి సందేహం కలిగింది. "రాత్రి చల్లబడితే పది పన్నెండు పౌండ్లు దానంతట అదే పడుతుంది మేడమ్! అది లీకు కాదు" అని అతడు అనుభవంతో చెప్పాడు.

ఆ మాట వినగానే ఆమెకు తరగతి గది గుర్తుకువచ్చి ఉండాలి. పాత క్యాలెండర్ కాగితం వెనుక లెక్క వేయడం మొదలుపెట్టారు. ఘనపరిమాణం మారనప్పుడు వాయువు పీడనం దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందన్న సూత్రం ఇంటర్మీడియెట్ విద్యార్థులకు తెలిసినదే. 38 డిగ్రీలు కెల్విన్ మానంలో 311. 27 డిగ్రీలు 300. మీటరు చూపే 300 పౌండ్లకు వాతావరణ పీడనం 15 కలిపితే 315. దానిని 300తో హెచ్చించి 311తో భాగిస్తే సుమారు 304. మళ్లీ 15 తీసివేస్తే 289. బయటి భాగం మీటరు సరిగ్గా ఆ అంకె మీదనే నిలిచి ఉన్నది. అంటే అక్కడ లీకు లేదు. లోపలి కాయిల్ అంతకన్నా 19 పౌండ్లు అదనంగా పోగొట్టుకున్నది. దొంగ ఏ ఇంటిలో ఉన్నాడో తేలిపోయింది.

"మీరు పుస్తకంలో చూసి చెప్పింది, నేను చేతితో చూసి చెప్పింది ఒకటే అయింది మేడమ్" అని యువకుడు నవ్వాడు. "కాకపోతే నీకు ముందే తెలిసింది బాబూ!" అన్నారు ఆమె.

ఇక కాయిల్‌లో కన్నం ఎక్కడుందో కనిపెట్టాలి. దీనికి అతడు ఎంచుకున్న ఉపాయం విశ్వవిద్యాలయ విద్యార్థులు తరతరాలుగా ఎరిగినదే. సైకిలు ట్యూబుకు పంక్చరైతే దుకాణంలో దానికి గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడినుంచి లేస్తుందో చూస్తారు. యువకుడు పీడనంతో ఉన్న కాయిల్‌ను ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బులోని నీటిలో ముంచాడు. మొదట అల్యూమినియం రేకుల మధ్య చిక్కుకున్న గాలి బుడగలుగా పైకి వచ్చింది. రేకుల మీద మెల్లగా చేయి ఆడించి వాటిని తరిమి, నీరు నిశ్చలమయ్యేవరకు ఆగాడు. కొంతసేపటికి ఎడమవైపున, మూడో వరుస గొట్టం దగ్గర, రేకుల లోతునుండి ఆవగింజంత బుడగ పైకి వచ్చి పగిలింది. కొన్ని క్షణాల తరువాత అక్కడినుండే మరొకటి వచ్చింది. తరువాత ఇంకొకటి. ఆ చోటు సబ్బు నురుగుకు అందేది కాదు. మూడేళ్లుగా ఆ ఇంటిని వేధించిన కన్నం అది.

రేకులను పక్కకు వంచి చూస్తే రాగి మీద చిన్న నల్లని మచ్చ కనిపించింది. సూదితో పొడిచినంత కన్నం కూడా కంటికి ఆనలేదు. దీనికి కారణమైన తుప్పు ఒక విచిత్రమైన జాతిది. రాగి, తేమ, ఆక్సిజన్ ఉన్నచోట ఫార్మిక్, ఎసిటిక్ వంటి సేంద్రియ ఆమ్లాల ఆవిరి కూడా చేరితే రాగిలో అతి సూక్ష్మమైన సొరంగాలు ఏర్పడతాయి. వంకరటింకరగా, కొమ్మలు కొమ్మలుగా సాగే ఆ సొరంగాలు చీమలపుట్టలోని దారులను పోలి ఉంటాయి. అందుకే శాస్త్రజ్ఞులు దీనికి చీమలపుట్ట తుప్పు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఫార్మిక్ ఆమ్లానికి ఆ పేరు వచ్చింది కూడా చీమ వల్లనే. 1671లో జాన్ రే అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు చీమల నుండి ఆ ఆమ్లాన్ని వెలికితీసిన వివరాలను వెల్లడించాడు.

ఈ ఆమ్లపు ఆవిరులు ప్లైవుడ్, జిగురు, రంగులు, కొన్ని శుభ్రపరిచే ద్రవాల నుండి వెలువడుతూ ఉంటాయి. ఏసీ కొన్న ఏడాదే ఆ గదిలో గోడనిండా ప్లైవుడ్ బీరువాలు చేయించిన సంగతి అధ్యాపకురాలికి గుర్తుకు వచ్చింది. అదే కారణమని నిరూపించడానికి ఆ వరండా ప్రయోగశాల కాదు. కాని అనుమానానికి తగిన ఆధారం ఉన్నది.

కన్నాన్ని అతికితే సరిపోదా అన్న ప్రశ్నకు యువకుడు ఒప్పుకోలేదు. పైకి కనిపించేది ఒక్క కన్నమే అయినా లోపల మరెన్ని సొరంగాలు సగం దారిలో ఉన్నాయో తెలియదు. కనుక కాయిల్ మార్చడమే సరైనదని చెప్పాడు. కొత్త కాయిల్ వచ్చిన తరువాత మళ్లీ నైట్రోజన్‌తో పరీక్షించాడు. ఆపై వాక్యూమ్ పంపుతో గొట్టాలలోని గాలినీ తేమనూ తీసివేసి, ఆ శూన్యం నిలుస్తున్నదో లేదో చూశాడు. చివరికి యంత్రం మీద ముద్రించిన పరిమాణం ప్రకారం త్రాసులో తూచి వాయువు నింపాడు. చాలామంది మెకానిక్‌లు మీటరు చూసి అంచనాగా నింపుతారు. తూచి నింపితేనే తరువాతి కాలంలో తరుగుదల తెలుస్తుంది.

ఇంత శ్రమ ఒక ఇంటి చల్లదనానికేనా అని విద్యార్థులకు అనిపించవచ్చు. ఆ ఇంటి నుండి పోయిన వాయువు ఎక్కడికి చేరిందో ఆలోచిస్తే ఆ సందేహం ఉండదు. తొలినాటి శీతల యంత్రాలలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వంటి విషవాయువులు వాడేవారు. 1928లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ బృందం క్లోరోఫ్లోరోకార్బన్లను ఈ పనికి ఎంచుకున్నది. 1930లో మిడ్గ్లీ ఆ వాయువును నిండుగా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పి, అది విషం కాదనీ మండదనీ సభలో చూపించాడు. లీకైనా హాని లేదన్న ధీమా అప్పటినుండి పెరిగింది. 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు ఆ వాయువులు పైకి చేరి ఓజోన్ పొరను నాశనం చేయగలవని హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర దారుణంగా పలచబడుతున్నదని బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరింది. భూమికి కప్పుగా ఉన్న పొరలో మానవుడు చేసిన కన్నం అలా బయటపడింది.

ప్రత్యామ్నాయ వాయువుల అన్వేషణలో తార్నాకకూ పాత్ర ఉన్నది. 1944లో హైదరాబాదు సంస్థానంలో పరిశోధనాలయంగా ఆరంభమై, 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరొందిన సంస్థ ఇక్కడే ఉన్నది. ఓజోన్‌కు హాని చేయని హెచ్.ఎఫ్.సి.-134ఎ అనే వాయువు తయారీ మీద ఆ సంస్థలో పరిశోధన జరిగింది. అయితే కొత్త వాయువులకు వేరొక దోషం ఉన్నది. అవి ఓజోన్‌ను తాకకపోయినా భూమిని వేడెక్కిస్తాయి. ఆ గదిలోని ఏసీలో వాడిన ఆర్-410ఎ వాయువు ఒక కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ల కాలంలో దాదాపు 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడిని కలిగిస్తుంది. ఇది సుమారు 900 లీటర్ల పెట్రోలు మండించిన దానితో సమానం. ఆర్-32 అనే వాయువుకు ఈ విలువ 675. వీటి వాడకాన్ని క్రమంగా తగ్గించాలని 2016లో ఆఫ్రికాలోని కిగాలీ నగరంలో దేశాలు అంగీకరించాయి. భారతదేశం 2021లో దానిని ఆమోదించింది.

గదిని చల్లబరచడానికి నింపిన వాయువు బయటికి పోయి భూమిని వేడెక్కిస్తే, ఆ వేడికి మరిన్ని గదులకు ఏసీలు కావలసివస్తాయి. ఒప్పందాలు రాసేవారు దేశాల రాజధానులలో ఉంటారు. వాటిని నిజంగా అమలు చేయవలసినవారు చేతిలో మీటరూ, సబ్బునీళ్ల సీసా పట్టుకొని మేడమెట్లు ఎక్కే యువకులు. గంటలో ముగించి డబ్బు తీసుకునే అవకాశం వారికి ప్రతి ఇంటిలోనూ ఉంటుంది. దానిని కాదని కారణం వెదకడానికి విద్యతోపాటు నిజాయితీ కావాలి. అలా వెదకనిచ్చే ఓర్పు, ఆ శ్రమకు తగిన ప్రతిఫలం ఇచ్చే మనసు ఇంటివారికి ఉండాలి.

వెళ్లేముందు ఆ యువకుడు యూనిట్ పక్కన ఒక చిన్న కాగితం అతికించాడు. కాయిల్ మార్చిన తేదీ, నింపిన వాయువు పేరు, దాని బరువు గ్రాములలో అందులో ఉన్నాయి. తరువాత ఎవరు వచ్చినా ఆ కాగితం చూసి, ఉన్న వాయువును తూచి, పోయిందో లేదో చెప్పగలరు. 'గ్యాస్ అయిపోయింది' అని ఇక ఎవరూ ఊరకే చెప్పడానికి వీలుండదు. వృద్ధురాలు ఆ సాయంత్రమే క్వార్టర్సు నుండి తమ గదికి తిరిగి వచ్చారు.